ద్రాక్ష పేరు మార్చి ఊరి పేరు తెచ్చారు: ప్రొసెకో పేచీ ఎలా మొదలైంది?

ఇటలీ కాక్‌టెయిల్ స్ప్రిట్జ్ గ్లాసు చూడగానే అందులో కలిపే నారింజ రంగు చేదు మద్యం అపెరోల్ గుర్తొస్తుంది. కానీ ఎక్కువమంది కలిపే లెక్కలో ప్రొసెకో మూడు వంతులు, అపెరోల్ రెండు, సోడా ఒకటి. అంటే గ్లాసులో సగం ప్రొసెకోయే. ఇటలీకి చెందిన ఆ బుడగల వైన్‌ని ఆ పేరుతో ఎవరు అమ్మాలన్న దాని మీదే ఈయూ(యూరోపియన్ యూనియన్)కీ, ఆస్ట్రేలియాకీ మధ్య మళ్లీ మళ్లీ పేచీ లేస్తోంది.

స్ప్రిట్జ్ పుట్టుక గురించి చెప్పే, ఆస్ట్రియా సైనికులు వెనిస్ వైన్‌లో నీళ్లు కలుపుకున్న కథ, 1919లో పాడువాలో అపెరోల్ పుట్టిన కథ చాలాసార్లు విన్నవే. ఈ గొడవ అర్థం కావాలంటే 2009 దగ్గర ఆగాలి.

అప్పటిదాకా ప్రొసెకో అంటే ఒక ద్రాక్ష రకం. 1969 నుంచి ఈశాన్య ఇటలీలోని కోనెల్యానో, వాల్దొబ్యాదెనె కొండల వైన్‌కి చట్టరక్షణ ఉంది కానీ, ద్రాక్ష రకం పేరు ఎవరి సొత్తూ కాదు. 2006 ప్రాంతంలో ఆస్ట్రియా కంపెనీ ఒకటి ప్రొసెకోని డబ్బాల్లో నింపి అమ్మింది. ప్రకటనలో ఒళ్లంతా బంగారు రంగు పూసుకున్న అమెరికా సెలబ్రిటీ పారిస్ హిల్టన్! నిటారు కొండవాలుల్లో చేత్తో గెలలు కోసే రైతులకు తల కొట్టేసినట్టయింది. వాళ్ల కోపంలో న్యాయం ఉంది.

పరిష్కారం మాత్రం వేరే దారి పట్టింది. ఇటలీ అప్పటి వ్యవసాయ మంత్రి లూకా జాయా కూడా కోనెల్యానోలో పుట్టినవారే. ఆయన హయాంలో ద్రాక్ష పేరును గ్లేరాగా మార్చి, ప్రొసెకోని ప్రాంతం పేరు చేశారు. ప్రాంతం పేరైతే బయటివాళ్లు వాడకుండా అడ్డుకోవచ్చు. ఇటలీ తూర్పు అంచున ఉన్న త్రియేస్తె నగరం దగ్గర నిజంగానే ప్రొసెకో అనే ఊరుంది. కాకపోతే అది ఆ కొండలకు వంద కిలోమీటర్లకు పైనే దూరం. దాన్ని కూడా లోపలికి తెచ్చేలా తొమ్మిది జిల్లాల చుట్టూ గీత గీశారు. పాత కొండలకు డీఓసీజీ అనే పై హోదా ఇచ్చారు. ఇవాళ ఆ తొమ్మిది జిల్లాల నుంచి ఏడాదికి 60 కోట్లకు పైగా సీసాలు వస్తున్నాయి. ఇది డబ్బాల నుంచి కొండ రైతును కాపాడడమేనా?

మన బంగినపల్లికి 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగ్ వచ్చింది. అదీ ఊరి పేరే, రకం పేరూ అదే. ట్యాగ్ కోసం చెట్టు పేరు ఎవరూ మార్చలేదు.

ఇక ఆస్ట్రేలియా వైపు. విక్టోరియా రాష్ట్రంలోని కింగ్ వ్యాలీకి ఇటలీ నుంచి వలస వెళ్లిన కుటుంబాలు మొదట పొగాకు వేశాయి, తర్వాత ద్రాక్షకు మళ్లాయి. వాల్దొబ్యాదెనె నుంచి వెళ్లిన ఓట్టో దాల్ జోట్టో 1999లో అక్కడ ప్రొసెకో తీగలు నాటారు. ఆయన నాటిననాడు ఇటలీలో కూడా అది ద్రాక్ష పేరే. సొంతూరి తీగను సొంతూరి పేరుతో పిలుచుకున్నారు, అంతే. పదేళ్ల తర్వాత ఆ పేరు మీకు చెల్లదంటే ఎలా?

ఊరి పేరు ఉంది కాబట్టి హక్కు మాదేనన్నది ఇటలీ వాదన. 2013లో ఆస్ట్రేలియాలో ఈయూ రక్షణ కోరితే అక్కడి వైన్ తయారీదారుల సమాఖ్య అభ్యంతరం చెప్పి నెగ్గింది. 2023లో సింగపూర్ అప్పీలు కోర్టు మాత్రం ఇటలీ పక్షాన తీర్పిచ్చింది. పక్కనున్న న్యూజిలాండ్ 2024 మేలో అమల్లోకి వచ్చిన ఈయూ ఒప్పందంలో ఐదేళ్లలో ఆ పేరు వదులుకుంటానంది.

కింగ్ వ్యాలీలో లేబుళ్ల మీదే కాదు, వైనరీలను కలిపే పర్యాటక మార్గానికీ ప్రొసెకో రోడ్ అనే పేరు. పేరు పోతే లేబుల్ మీద గ్లేరా అని వేసుకోవాలి. బార్‌కి వెళ్లి ఆ పేరుతో గ్లాసు అడిగేవాళ్లు ఎంతమంది ఉంటారు?