మంగళవారం డెడ్‌లిఫ్ట్, శనివారం కొండ

మా జిమ్‌లో సగం మంది శనివారం కనిపించరు. తెల్లారకముందే అలిపిరి పాదాల మండపం దగ్గర చెప్పులు విడిచి, 3,550 మెట్ల దారి పట్టి ఉంటారు. తిరుపతిలో చాలామందికి వారం ఈ శనివారం చుట్టూనే తిరుగుతుంది. కానీ జిమ్‌లో చేసే ప్రోగ్రాం మాత్రం ఫోన్‌లో ఎక్కడో దొరికిందే. అందులో కొండకి చోటుండదు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. సోమవారం స్క్వాట్ (భుజాల మీద బరువుతో గుంజీలా దిగి లేవడం), శుక్రవారం సాయంత్రం బరువైన డెడ్‌లిఫ్ట్, మర్నాడు కొండ. నాలుగు నెలల పాటు 120 కిలోల దగ్గరే ఆగిపోయాను. బార్ నేల మీంచి లేచేది, మోకాలు దాటేది కాదు. బలం చాలక అనుకుని ఇంకా ఎక్కువ చేశాను. నిజానికి నా నడుము ఏ రోజూ పూర్తిగా తేరుకోవడం లేదు. డెడ్‌లిఫ్ట్‌కి ఏ రోజు ఇవ్వాలన్నది, మిగతా ఆరు రోజులూ నడుము ఏం చేస్తోందో చూసి తేల్చుకోవాలని అప్పుడు తెలిసింది.

డెడ్‌లిఫ్ట్ అంటే నేలమీద కదలకుండా ఉన్న బరువుని పట్టుకుని నిటారుగా నిలబడడం. స్క్వాట్‌లో ముందు కిందికి దిగుతాం. అప్పుడు సాగిన కండరాలు, వాటిని ఎముకకి కలిపే టెండన్లు పైకి లేచేటప్పుడు స్ప్రింగులా కొంత సాయం చేస్తాయి. డెడ్‌లిఫ్ట్ మొదటి రెప్‌లో (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) ఆ సాయం లేదు. పిరుదులు, తొడల వెనక కండరాలు, ముందు తొడలు, వెన్ను పొడవునా ఉండే కండరాలు, ముంజేతుల పట్టు అన్నీ ఒకేసారి పనిలోకి దిగాలి. అందుకే ఇందులో మిగతా వ్యాయామాల కన్నా ఎక్కువ బరువు లేపగలం, అందుకే అలసట కూడా ఒళ్ళంతా పాకుతుంది.

నడుము మీద పడే భారం ఎంతో తెలియాలంటే గ్యాస్ బండని తలుచుకోండి. నిండు బండ దాదాపు 30 కిలోలుంటుంది. దాన్ని నడుముకి 45 సెంటీమీటర్ల దూరంలో, చేతులు చాచి ఎత్తామనుకుందాం. వెన్ను కండరాలు వెన్నెముకకి సుమారు 5 సెంటీమీటర్ల వెనక నుంచి లాగుతాయి. ఇది తూకం కర్ర లెక్క. ముందువైపు దూరం వెనకదానికి తొమ్మిది రెట్లు కాబట్టి, వెనక కండరం 30కి తొమ్మిది రెట్లు, అంటే 270 కిలోల బరువుకి సమానమైన బలంతో లాగాలి. ముందుకి వంగిన మన ఒంటి బరువు ఇంకా ఈ లెక్కలో లేనే లేదు. అదే బండని ఒంటికి ఆనించి, 25 సెంటీమీటర్ల దూరంలో ఎత్తితే 150 చాలు. బండ అదే, ఇల్లు అదే, నడుముకి పడిన పని మాత్రం దాదాపు సగం. జిమ్‌లో “అన్నా, బార్ కాలికి రాసుకుంటూ రావాలి” అని ట్రైనర్ పదేపదే చెప్పేది ఈ లెక్కే.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 1999లో జర్మనీలోని ఉల్మ్ నగరం పరిశోధకులు ఒక మనిషి నడుములో వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలోనే, అంటే డిస్క్‌లోనే, ఒత్తిడి కొలిచే పరికరాన్ని అమర్చి చూశారు. ఊరికే నిలబడితే ఒత్తిడి 0.5 మెగాపాస్కల్. 20 కిలోల బరువుని వీపు గుండ్రంగా వంచి ఎత్తినప్పుడు 2.3. మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా ఉంచి ఎత్తితే 1.7. కారు టైరులో గాలి ఒత్తిడి 0.2 చిల్లర ఉంటుందని గుర్తుంచుకుంటే, డిస్క్ ఎంత గట్టిదో కూడా తెలుస్తుంది. గట్టిదే. కానీ ఈ మెత్తకి రక్తనాళాలు దాదాపు లేవు. దానికి పోషణ చుట్టూ ఉన్న ఎముక నుంచి మెల్లగా ఇంకాల్సిందే. అందువల్ల అది కండరమంత వేగంగా బాగుపడదు.

అదే ప్రయోగంలో ఇంకో కొలత ఉంది, నాకు అన్నిటికన్నా పనికొచ్చింది అదే. రాత్రి ఏడు గంటల నిద్రలో డిస్క్ లోపలి ఒత్తిడి 0.10 నుంచి 0.24కి పెరిగింది. పడుకున్నప్పుడు డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున లేవగానే మనం సెంటీమీటరుకి పైగా పొడుగు ఉండేది ఇందుకే. ఉబ్బిన డిస్కుతో ముందుకి వంగితే దానిమీద, దాన్ని పట్టి ఉంచే లిగమెంట్ల మీద పడే ఒత్తిడి పగటికన్నా చాలా ఎక్కువ. లేచిన మొదటి గంటలో ఈ ఉబ్బు చాలా వరకు తగ్గుతుంది. మే నెల ఎండకి భయపడి మనవాళ్ళు ఐదింటికే జిమ్‌కి వస్తారు. నాలుగున్నరకి లేచి, ఐదుంపావుకి నేల మీంచి బరువెత్తడం మంచిది కాదు. ఆ వేళకే రావాల్సి వస్తే ముందు నడక, చేతుల వ్యాయామాలు, బెంచ్ ప్రెస్ ముగించి, డెడ్‌లిఫ్ట్‌ని చివరికి జరపండి. లేదా సాయంత్రానికి మార్చుకోండి.

డెడ్‌లిఫ్ట్ చేస్తే నర్వస్ సిస్టమ్ పది రోజులు కోలుకోదని జిమ్‌లో గట్టిగా నమ్ముతారు. కొలిచి చూసిన చోట స్క్వాట్‌కీ దీనికీ ఆ విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అసలు కారణం ఇంకా మామూలుది. నడుము కండరాలు డెడ్‌లిఫ్ట్‌లోనూ, స్క్వాట్‌లోనూ, వంగి బరువుని పొట్టవైపు లాగే రోయింగ్‌లోనూ, కొండ ఎక్కేటప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. వాటికి సెలవు రోజు మనమే కేటాయించాలి. బాగా శ్రమపెట్టిన కండరంలో కొత్త ప్రోటీన్ తయారీ ఒకటి రెండు రోజులు జోరుగా సాగుతుంది, నొప్పి మూడో రోజు దాకా ఉండొచ్చు. అందువల్ల నా లెక్క ఇది: నడుముకి పెద్ద పని పెట్టిన రెండు రోజుల మధ్య కనీసం 48 గంటలు.

ఇప్పుడు నా వారం మంగళవారం డెడ్‌లిఫ్ట్‌తో మొదలవుతుంది. గురువారం స్క్వాట్, అదీ ఓ మోస్తరు బరువుతో. శనివారం కొండ. ఆదివారం ఏమీ లేదు. సోమ, బుధవారాల్లో ఛాతీ, భుజాలు, చేతులు. బరువైన డెడ్‌లిఫ్ట్ వారానికి ఒక్కసారే. రెండోసారి చేయాలనిపిస్తే గురువారం స్క్వాట్ తర్వాత సగం బరువుతో, పద్ధతి సరిచూసుకోవడానికి మాత్రం చేస్తాను.

ఎంత బరువు? 100 కిలోలు ఐదుసార్లు సరిగ్గా ఎత్తగలిగితే, ఒక్కసారికి మీ గరిష్ఠం సుమారు 117 అనుకోవచ్చు. ఎత్తిన బరువుని ముప్పైతో భాగించి, రెప్‌ల సంఖ్యతో హెచ్చవేసి, అసలు బరువుకి కలిపితే వచ్చే అంచనా అది. మొదటి వారం అందులో 80 శాతంతో ఐదేసి రెప్‌లు మూడు సెట్లు, రెండో వారం 85 శాతంతో మూడేసి, మూడో వారం 90 శాతంతో రెండేసి. నాలుగో వారం 60 శాతానికి దిగిపోవాలి. ఈ దిగడమే కుర్రాళ్ళకి నచ్చదు. దిగినవాళ్ళే తర్వాతి నెలలో ఇంకో రెండున్నర కిలోలు వేస్తున్నారని నేను చూస్తూనే ఉన్నాను. వీపు గుండ్రమవుతోందంటే సెట్ అక్కడితో ఆపేయాలి, శాతం ఏదైనా సరే. ప్రోటీన్, నిద్ర సంగతి కొత్తగా చెప్పేదేం లేదు.

చిత్తూరులో తోతాపురి సీజన్‌లో రోజంతా మామిడి ట్రేలు ఎత్తి, రాత్రి జిమ్‌కి వచ్చే తమ్ముళ్ళున్నారు. ఆ రెండు నెలలు వాళ్ళకి బరువైన డెడ్‌లిఫ్ట్ అక్కర్లేదు. వాళ్ళ నడుము ఆ కోటా మండీలోనే పూర్తి చేసింది.

ఇక, ఇది ఆడవాళ్ళకి పనికిరాదని కొందరు అనే మాట సంగతి. ఆస్ట్రేలియాలో ఎముకల సాంద్రత తగ్గిన, నెలసరి ఆగిపోయిన 101 మంది స్త్రీలతో ఒక అధ్యయనం చేశారు, 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్ళ సగటు వయసు 65. ఒక బృందం వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, దగ్గరుండి చూసే నిపుణుల మధ్య డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, తలపైకి ఎత్తే ప్రెస్ వంటివి బరువుగా చేసింది. ఎనిమిది నెలల్లో వాళ్ళ నడుము ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామం చేసినవాళ్ళకి 1.2 శాతం తగ్గింది. అమ్మని జిమ్‌కి తీసుకురావడానికి నాకు ధైర్యమిచ్చింది ఈ అంకెలే. ఆవిడ ఖాళీ బార్ కన్నా తేలికైన కర్రతో మొదలుపెట్టింది. ఇప్పుడు ఇంట్లో బండ మార్చేటప్పుడు దాన్ని ఒంటికి దగ్గరగా లాక్కుంటుంది. బీపీ ఉన్నవాళ్ళు మాత్రం ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. ఊపిరి బిగబట్టి ఎత్తేటప్పుడు రక్తపోటు ఒక్కసారిగా ఎగుస్తుంది.

పెరటాసి నెల (సెప్టెంబరు, అక్టోబరుల మధ్య వచ్చే తమిళ నెల) దగ్గరకొస్తోంది. ప్రతి శనివారం ఉపవాసం, ఇంట్లో మాంసం బంద్, వరసగా అన్ని వారాలూ కొండ. ఆ నాలుగు వారాలకి నా పుస్తకంలో 90 శాతం గీత కొట్టేసి, ప్రతి మంగళవారం ఎదురుగా 70 అని రాసిపెట్టుకున్నాను.