గుడ్ల ట్రేలతో శబ్దం ఆగదు: సౌండ్‌ప్రూఫింగ్‌పై అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇళ్లలో చిన్న రికార్డింగ్ గదులు, ప్రాక్టీసు గదులు చేసిపెట్టడం నా పని. నన్ను పిలిచేసరికి చాలామంది అప్పటికే గోడ నిండా నల్ల ఫోమ్ అతికించేసి ఉంటారు, పక్కింటివాళ్లు మాత్రం ఇంకా తలుపు కొడుతూనే ఉంటారు.

అపోహ: ఫోమ్ అంటిస్తే గది సౌండ్‌ప్రూఫ్ అయిపోతుంది.

కాదు. ఫోమ్ చేసేది గది లోపల మారుమోగడాన్ని తగ్గించడం. చప్పట్లు కొడితే గణగణలాడే గదిలో ఫోమ్ పెట్టాక మీ గొంతు శుభ్రంగా రికార్డవుతుంది, అంతవరకు అది మంచిదే. కానీ శబ్దం గోడ దాటకుండా ఆపాలంటే బరువు కావాలి. ఆ ఫోమ్ ముక్క నోటి దగ్గర పెట్టుకుని ఊదండి, గాలి అటు పోతుంది, శబ్దమూ అంతే. గుడ్ల ట్రేలు, థర్మోకోల్ గురించి అడగొద్దు, అవి ఫోమ్ చేసే పని కూడా సరిగ్గా చేయవు. పైగా ఇవన్నీ అంటుకుంటే క్షణాల్లో మండి విషపు పొగ వదిలే సరుకు, స్విచ్‌బోర్డు చుట్టూ అతికించినవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

అపోహ: గోడ పల్చగా ఉంది, ఇంకో వరుస ఇటుక కడితే సరి.

బరువు రెట్టింపు చేసినా అదనంగా ఆగేది 5, 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క). రెండువైపులా ప్లాస్టరింగ్ చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మాటల శబ్దాన్ని బాగానే ఆపుతుంది, దొంగ చాలాసార్లు తలుపు దగ్గరే దొరుకుతాడు. లెక్క చూడండి: 100 చదరపు అడుగుల గోడలో 1 చదరపు అడుగు ఖాళీ ఉంటే, మిగతా గోడ ఎంత గట్టిదైనా మొత్తం మీద ఆగేది 20 డెసిబెల్సే. మూడడుగుల తలుపు కింద అరంగుళం సందు ఉన్నా 45 డెసిబెల్స్ ఆపాల్సిన గోడ 30 లోపే ఆపుతుంది. రాత్రి గదిలో లైటు ఆపి, బయట ఒకరిని టార్చి పట్టుకుని తలుపు చుట్టూ తిప్పమనండి, వెలుగు కనబడిన ప్రతిచోటా శబ్దం వస్తున్నట్టే లెక్క. అగరుబత్తి పొగతోనూ తెలుస్తుంది, ఫ్యాన్ ఆపడం మర్చిపోకండి. తలుపు చుట్టూ రబ్బరు గాస్కెట్, కింద డోర్ సీల్, ఏసీ పైపు దూర్చిన రంధ్రం పూడ్చడం, గోడకు అటూఇటూ ఒకేచోట ఎదురెదురుగా పెట్టిన స్విచ్ బాక్సులు చూసుకోవడం, ముందు ఇవి చేయించాకే పెద్ద ఖర్చు సంగతి. బోలు తలుపు ఉంటే మాత్రం మార్చక తప్పదు.

కిటికీల్లో స్లైడింగ్‌వి ఎప్పుడూ శబ్దాన్ని వదులుతూనే ఉంటాయి, ఎందుకంటే జారాలంటే సందు ఉండాలి కదా. గాస్కెట్ మీద నొక్కుకుని మూసుకునే రెక్క కిటికీ నయం. డబుల్ గ్లాస్ అని అమ్మేవాటిలో రెండు అద్దాల మధ్య దూరం వేడిని ఆపడానికి సరిపోయేంతే. ట్రాఫిక్ హోరు తగ్గాలంటే ఉన్న కిటికీకి నాలుగంగుళాలు లోపలికి ఇంకో కిటికీ, వేరే మందం అద్దంతో పెట్టించండి.

అపోహ: డబ్బు పెడితే 100 శాతం నిశ్శబ్దం.

అలా హామీ ఇచ్చేవాణ్ని నమ్మకండి. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి సుమారు సగమైనట్టు అనిపిస్తుంది, మామూలు ఇంట్లో అదే పెద్ద విజయం. డ్రమ్స్, సబ్‌వూఫర్ బేస్ అయితే గదిలో గది కట్టాలి, స్థలం చాలా పోతుంది. అంతా సీలు చేశాక లోపలికి గాలి ఎలా వస్తుందో కూడా అడగండి, స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప కొత్త గాలి తేదు, గంటలో తల బరువెక్కుతుంది.

పైఅంతస్తు అడుగుల చప్పుడుకి ఫాల్స్ సీలింగ్ వేస్తే చాలా? మామూలు రాడ్లతో శ్లాబుకు వేలాడదీస్తే పెద్దగా లాభం లేదు, చప్పుడు శ్లాబు నుంచి రాడ్లలోకే కాదు, గోడల్లోకి కూడా దిగుతుంది. దాన్ని పుట్టిన చోటే ఆపాలి. మొన్న ఒక ఇంట్లో ఇదే గొడవ, మేడ మీదికెళ్లి చూస్తే రాత్రి పదకొండింటికి డైనింగ్ టేబుల్ కుర్చీలు లాగుతున్నారు. పైనున్న ఆంటీగారిని అడిగి కుర్చీ కాళ్లకు రబ్బరు బుష్‌లు, మిక్సీ కింద మందపాటి చాప వేయించాం. నా ఫాల్స్ సీలింగ్ కొటేషన్ మాత్రం నేనే చింపేసుకోవాల్సి వచ్చింది.