ఇంటిపేరు కలిస్తే చుట్టాలేనా? ఒక దస్తావేజు లేఖరి మాట

నెల్లూరులో దస్తావేజులు రాస్తుంటాను. రిజిస్ట్రారాఫీసు ముందు తరచూ వినే మాట: "ఇంటిపేరొకటే గదన్నా, మావాళ్ళేలే, రాసెయ్."

అపోహ: ఇంటిపేరు కలిస్తే అన్నదమ్ముల బిడ్డలే.

వాస్తవం: టంగుటూరి వాళ్ళనే చూడండి. ప్రకాశం పంతులుగారు ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. "మా తెలుగుతల్లికి" పాడిన టంగుటూరి సూర్యకుమారి ఆయన తమ్ముడి కూతురు. ఇక్కడ చుట్టరికం నిజం. అదే ఇంటిపేరుతో 1980లో ముఖ్యమంత్రి అయిన అంజయ్యగారు హైదరాబాద్ కార్మిక నాయకుడు. ప్రకాశంగారి ఇంటికీ ఆయనకూ ఏ సంబంధమూ లేదు.

అపోహ: ఇంటిపేరు చెబితే ఊరు, కులం తెలిసిపోతాయి.

బెజవాడ గోపాలరెడ్డిగారిది మన బుచ్చిరెడ్డిపాళెం. ఆయన 1955లో ముఖ్యమంత్రి అయ్యారు. 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర సఫాయి పనిచేసే దళిత కుటుంబంలో పుట్టారు. ఇద్దరిలో ఎవరూ బెజవాడలో పుట్టలేదు. ఇక కులమంటారా, రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

"రెడ్డి" ఇంటిపేరు అనుకునేవాళ్ళూ ఉన్నారు, ముఖ్యంగా బయటి రాష్ట్రాల బ్యాంకుల్లో. అలగానిపాడులో పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్యగారు ఆ తోక తీసేశారు. నెల్లూరులో ప్రజా వైద్యశాల నడిపిన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డిగారు ఉంచుకున్నారు. ఇద్దరి ఇంటిపేరూ పుచ్చలపల్లే.

అపోహ: బోర్డు మీద ఇంటిపేరుంటే ఆస్తి ఆ ఇంటిదే.

మా ఊళ్ళో డీఎస్సార్ ఆసుపత్రి అంటే దొడ్ల సుబ్బారెడ్డి పేరిట ఉన్నది, డీకే డబ్ల్యూ అంటే దొడ్ల కౌసల్యమ్మ పేరిట ఉన్న మహిళా కళాశాల. రెండూ సర్కారువే. 1995లో మొదలైన దొడ్ల డెయిరీ 2021లో షేరు మార్కెట్టుకెక్కింది. పాల ప్యాకెట్టు మీదున్నది ఇంటిపేరే అయినా, షేరు కొన్న ప్రతివాడికీ అందులో వాటా ఉంది. ఇంటిపేరు దొడ్ల అయినంత మాత్రాన ఎవరికీ హక్కు పుట్టదు.

దీనికి తిరగేసిన కథ ఇల్లరికం. మా వైపు రెడ్ల ఇళ్ళలో పాత ఆచారమిది. అల్లుడు అత్తగారింటికొచ్చి సేద్యం చేస్తాడు, కొడుకుతో సమానంగా వాటా తీసుకుంటాడు, ఇంటిపేరు మాత్రం తనదే ఉంచుకుంటాడు. పిల్లలకూ అదే. రెండు తరాలయ్యాక పాత కాగితంలో ఒక ఇంటిపేరు, పట్టాదారు పాస్‌బుక్కులో ఇంకొకటి కనిపిస్తే కొనేవాళ్ళు బెదిరిపోతారు. బెదరొద్దు, లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఎవరి నుంచి ఎవరికొచ్చిందో చూపే పాత దస్తావేజులు, అడగండి. ఇంటిపేరు కలిసిందని లింకు చూడకుండా అడ్వాన్సు ఇచ్చేవాళ్ళే అసలు బెదరాలి! చనిపోయినవారి ఆస్తయితే తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా చూడాలి.

పొడి అక్షరాల గొడవ ఇంకోటి. మొదటిది ఇంటిపేరు, రెండోది తండ్రి పేరు అని లెక్కేస్తారు. ఎస్పీ బాలుగారి తండ్రి పేరు సాంబమూర్తి. శ్రీపతి పండితారాధ్యుల మొత్తం ఇంటిపేరే. అందుకే చెల్లెలు శైలజగారికీ, కొడుకు చరణ్‌కీ ముందు ఆ రెండక్షరాలే. మీ ఆధార్‌లో పొడి అక్షరాలు, పాత దస్తావేజులో పూర్తి పేరు ఉంటే రాయించే రోజుకు ముందే చెప్పండి. రెండు పేర్లూ ఒక్కరివేనని దస్తావేజులోనే రాస్తాం.