అమ్మ చెప్పింది కాబట్టి అమ్మాయి ఒప్పుకున్నట్టేనా? క్రీడాకారుల వార్తలు: అపోహలు - వాస్తవాలు

గత నెలలో మా ఒడిశా బరంపురంలోని ఓల్డ్ బరంపురం నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. "ఏటి బాబూ ఇది? నేనన్నది ఒకటి, ఆళ్ళు ఏసింది ఒకటి. మా గుంట నా ఫోనెత్తడం మానేసింది" అని ఒకటే ఏడుపు. ఆమె కూతురు వెయిట్‌లిఫ్టర్. జాతీయ పోటీల్లో పతకం తెచ్చింది, ఇప్పుడు క్యాంపులో ఉంది.

ఇలాంటి ఫోన్లు నాకు ఏడాదికి నాలుగైదు వస్తాయి. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి తెలుగు పత్రికలకు వార్తలు రాస్తున్నాను. పేపరు మీద కోపమొచ్చినా, టీవీ అంటే భయమేసినా మనవాళ్ళు ముందు నాకే చేస్తారు. ప్రతిసారీ అవే మాటలు విడమరిచి చెప్పాల్సి వస్తోంది కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను.

అపోహ: ఇంట్లోవాళ్ళే చెప్పారు, ఫోటోలూ వాళ్ళే ఇచ్చారు. ఇంక తప్పేముంది?

నేను చూసినంతలో కుటుంబాలను ఎక్కువగా ముంచేది ఇదే. విలేకరులూ ఇదే అంటారు, చుట్టాలూ ఇదే అంటారు. చివరికి తప్పంతా తమదేనని ఇంట్లోవాళ్ళూ నమ్మేస్తారు.

ఈ తల్లి విషయంలో జరిగింది చెప్తాను. పతకం వచ్చిన వారానికి ఇద్దరు కుర్రాళ్ళు చానల్ లోగో ఉన్న మైకు పట్టుకుని వచ్చారు. ఆవిడ డాబా మీద అప్పడాలు ఆరబెడుతోంది. చేతులకు పిండి కూడా కడుక్కోనివ్వలేదు, అలాగే బాగుంటుంది అన్నారు. అమ్మాయి ఏం తింటుంది, ఎన్నింటికి లేస్తుంది, ఎంత కష్టపడి పెంచారు అని అడిగారు. ఆవిడ సంతోషంగా చెప్పింది. చివర్లో "పెళ్ళెప్పుడమ్మా?" అన్నారు. "ఆస్కాలో ఒక సంబంధం ఉంది బాబూ, పోటీలయ్యాక చూద్దామన్నాం" అంది. పెళ్ళి కావాల్సిన పిల్ల ఉన్న ఏ తల్లయినా అనే మాటే.

ఆ వీడియో ఒక ఒడియా వెబ్ చానల్‌కు వెళ్ళింది. మన "సంబంధం" అక్కడ ప్రేమ సంబంధం అయిపోయింది. మర్నాటికి ఒక తెలుగు యూట్యూబ్ చానల్ దాన్ని తిరిగి తెలుగులోకి తెచ్చి "ఆస్కా కుర్రాడితో రహస్య బంధం, తల్లి స్వయంగా వెల్లడి" అని థంబ్‌నెయిల్ పెట్టింది. అటు పెళ్ళివారు వెనక్కి తగ్గారు. ఇటు క్యాంపులో అమ్మాయికి తెలియని నంబర్ల నుంచి ఫోన్లు. పోటీ ఇంకా మూడు వారాలుంది.

వార్తలు తయారయ్యే డెస్క్‌లో పని ఎలా నడుస్తుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. ఆటగత్తె దొరకదు. క్యాంపులో ఉంటుంది, కోచ్ మాట్లాడనివ్వడు. ఇంటి దగ్గర అమ్మ దొరుకుతుంది, మావయ్య దొరుకుతాడు, ఆల్బమ్ దొరుకుతుంది. బైట్, అంటే కెమెరా ముందు చెప్పిన మాట, ఒకటుంటే చాలు, పుకారుకు ముద్ర పడ్డట్టే. "తల్లి స్వయంగా" అన్న రెండు మాటలు కోసమే వాళ్ళు మీ డాబా ఎక్కుతారు.

వాస్తవం ఏమిటంటే, మీ మాట మీది, అమ్మాయి అనుమతి అమ్మాయిది. 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది. మనిషి సొంత జీవితం, కుటుంబం, పెళ్ళి, పిల్లలు, చదువు వంటి విషయాలు ఆ మనిషి అనుమతి లేకుండా ప్రచురించకూడదంది. నిజమైనా కాకపోయినా, పొగడ్తైనా తిట్టైనా సరే. కోర్టు రికార్డుల్లాంటి వాటికి మినహాయింపు ఉంది, తనంతట తానే వివాదంలోకి దిగినవాళ్ళకూ ఉంది. తల్లి ఒక మాట జారడం ఆ మినహాయింపుల్లోకి రాదు.

ఇంగ్లండ్‌లో క్రికెటర్ బెన్ స్టోక్స్‌కు జరిగింది చూడండి. 2019 సెప్టెంబరులో ద సన్ పత్రిక, అతను పుట్టకముందు వాళ్ళమ్మ కుటుంబంలో జరిగిన విషాదాన్ని మొదటి పేజీలో వేసింది. అదేమిటో నేను ఇక్కడ రాయను, రాయాల్సిన అవసరం ఎవరికీ లేదు. బంధువొకరు వివరాలు చెప్పారు, ఫోటోలిచ్చారు, పైగా అది ఒకప్పుడు పేపర్లలో వచ్చిందే అని ఆ పత్రిక వాదించింది. 2021 ఆగస్టులో అదే పత్రిక స్టోక్స్‌కూ, వాళ్ళమ్మకూ క్షమాపణ చెప్పి నష్టపరిహారం కట్టింది. బంధువు చెప్పారన్న మాట చివరిదాకా నిలబడలేదు.

ఆ 2019 సెప్టెంబరులోనే వేల్స్ రగ్బీ మాజీ కెప్టెన్ గారెత్ థామస్ తనకు హెచ్‌ఐవీ ఉందని తనే బయటపెట్టాడు. అమ్మానాన్నలకు తను చెప్పకముందే ఒక విలేకరి వాళ్ళ గుమ్మం దగ్గరకు వెళ్ళి దాని గురించి అడిగాడట. కొడుకు నోటి నుంచి వినాల్సిన మాట పరాయివాడి నోట విన్నారు. అది ఎవరు తిరిగి ఇస్తారు?

నేనూ ఈ తప్పు చేశాను. పన్నెండేళ్ళ కిందట ఒక కబడ్డీ కుర్రాడి మోకాలి ఆపరేషన్ గురించి వాళ్ళన్నయ్య చెబితే చిన్న బాక్స్ ఐటం రాశాను. జాలితోనే రాశాను. అప్పుడతనికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం రావాల్సి ఉంది, మెడికల్ పరీక్ష మిగిలి ఉంది. అతను గేట్ బజార్లో టీ కొట్టు దగ్గర నన్ను చూసి ఆగాడు. తిట్టలేదు. పేపరు ముక్క మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని ఉన్నాడు. "నన్నొక్క మాట అడిగుంటే బాగుండేది కదండీ" అన్నాడు. ఆ తర్వాత ఆటగాడిని అడక్కుండా అతని ఇంటి సంగతి ఒక్క వాక్యం కూడా రాయలేదు.

అపోహ: పేరొచ్చాక ప్రైవేటు అంటూ ఏమీ ఉండదు.

ఉంటుంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. పతకం గెలిస్తే ఆ హక్కు పోతుందని ఎక్కడా లేదు. డోపింగ్‌లో నిషేధం పడితే అది అందరి విషయం, రాయాలి. ఒంటి పరీక్షల రిపోర్టు అందరి విషయం కాదు. 2006 దోహా ఏషియాడ్‌లో 800 మీటర్ల రజతం తెచ్చిన శాంతి సౌందరరాజన్‌కు చేసిన లింగ నిర్ధారణ పరీక్ష సంగతి దేశమంతా మోగిపోయింది. మన ఒడిశా జాజ్‌పూర్ అమ్మాయి ద్యుతీ చంద్‌కు 2014లో అదే గతి పట్టింది. ఆమె అంతర్జాతీయ క్రీడా కోర్టుకెళ్ళి 2015 జులైలో, ఒంట్లో మగ హార్మోన్ ఎక్కువున్న అమ్మాయిలను ఆడనివ్వని నిబంధనను ఆపించింది. 2018 ఏషియాడ్‌లో రెండు రజతాలు తెచ్చింది. ఎన్ని పతకాలు తెచ్చినా, ఒకసారి ఊరంతా చర్చించిన ఒళ్ళు మళ్ళీ తన సొంతం అనిపించడానికి ఎంతకాలం పడుతుందో ఆలోచించండి.

అపోహ: ఆఫ్ ది రికార్డ్ అని చెప్పాం కదా, రాయరు.

నమ్మొద్దు. కెమెరా కింద పెట్టినా మైక్ ఆన్‌లో ఉండొచ్చు.

అపోహ: ఇన్‌స్టాలో ఉన్న ఫోటో ఎవరైనా వాడుకోవచ్చు.

ఫోటో తీసినవాళ్ళకు దానిపై హక్కు ఉంటుంది. 2022 అక్టోబరులో పెర్త్‌లో కోహ్లీ హోటల్ గది వీడియో బయటికొచ్చినప్పుడు హోటలే క్షమాపణ చెప్పింది. "అభిమానంతో తీశాం" అన్నది సాకు మాత్రమే.

అపోహ: ప్రెస్ కౌన్సిల్‌కు రాస్తే చానల్ మూయిస్తారు.

ప్రెస్ కౌన్సిల్ పరిధి పత్రికలు, వార్తా ఏజెన్సీల వరకే. హెచ్చరించగలదు, మందలించగలదు, జరిమానా వేయలేదు. దినపత్రికలు, వారపత్రికలైతే రెండు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. దానికంటే ముందు ఎడిటర్‌కు ఉత్తరం రాసి ఉండాలి. టీవీ చానలైతే ముందు చానల్‌కే, ప్రసారమైన ఏడు రోజుల్లో రాయాలి. చాలామంది నా దగ్గరకు మూడో నెలలో వస్తారు, అప్పుడు నేను చేయగలిగింది తక్కువ. వెబ్ చానళ్ళు వీడియో తీసేసి మేం వేయలేదంటాయి. కాబట్టి ముందు లింకూ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి, వీడియో దాచుకోండి. కోపంతో కింద కామెంట్లు పెట్టకండి, అది వాళ్ళకు ఇంకో వార్త అవుతుంది.

ఆ తల్లితో కూర్చుని ఒడియా చానల్‌కు ఒకటి, తెలుగు చానల్‌కు ఒకటి రెండు ఉత్తరాలు రాశాం. "సంబంధం" అంటే మా భాషలో పెళ్ళి సంబంధమని మొదటి వాక్యంలోనే పెట్టాం. తెలుగువాళ్ళు వీడియో తీసేశారు. ఒడియావాళ్ళ నుంచి ఇంకా జవాబు లేదు. అమ్మాయి మాత్రం నాలుగో రోజు ఫోనెత్తింది.

పోయిన ఆదివారం మరో ఇద్దరు లోగోతో వచ్చారట. ఆవిడ ఈసారి చేతులు కడుక్కుని, తలుపు సగం తెరిచి, "అమ్మాయినడిగి చెప్తాను బాబూ, రేపు రండి" అందట. మర్నాడు ఎవరూ రాలేదు.