నొప్పుల కంటే ముందే ముహూర్తం

మొన్నామధ్య మా బంధువుల ఇంట్లో సిజేరియన్‌కి ముహూర్తం పెట్టించారు. పొద్దున్నే, పుష్యమి నక్షత్రం. అప్పటికి ఆ అమ్మాయికి 37 వారాలు నిండి రెండు రోజులు, నొప్పుల జాడ లేదు, బీపీ లేదు, బిడ్డ తల కిందికే ఉంది. పుట్టగానే పాప గబగబా ఊపిరి తీయడం మొదలుపెట్టింది, రెండు రోజులు ఐసీయూలో బాక్సులో పెట్టారు, తర్వాత కోలుకుంది. అందరూ అంత టెన్షన్‌లో ఉంటే ఒక పెద్దాయన మాత్రం "జాతకం అద్దిరిపోయింది" అన్నారు.

ఆ ఊపిరి సంగతే చెప్పాలి. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఊపిరితిత్తుల నిండా నీరే ఉంటుంది. ఉమ్మనీరు లోపలికి పోయి చేరిందేమో అనుకుంటాం గానీ, దాన్ని ఊపిరితిత్తులే తయారు చేసుకుంటాయి, అవి పెరగడానికి ఆ నీరు కావాలి. పుట్టిన క్షణం నుంచి అదే నీరు అడ్డం. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఒక్కసారిగా పెరుగుతాయి, మనకి భయమేస్తే గుండె దడదడలాడించేవి అవే. అవి ఊపిరితిత్తుల కణాల్లో సోడియం వెళ్లే దారులు తెరుస్తాయి, సోడియం వెనకే నీరు కూడా రక్తంలోకి ఇంకిపోతుంది. కాన్పు దారిలో ఛాతీ నొక్కుకుని నీరంతా బయటికొస్తుందని చెబుతుంటారు, అది కొంతే, ఎక్కువ పని ఈ ఇంకడానిదే. నొప్పులు రాకుండా, అందులోనూ 37, 38 వారాలకే బయటికి తీస్తే ఈ పని సగంలో ఆగిపోయి మా పాపలా ఎగఊపిరి రావచ్చు. అందుకే వేరే కారణం లేని సిజేరియన్‌ని 39 వారాలు నిండేదాకా ఆపమంటారు. పంచాంగంలో మంచి రోజులు ఆ తర్వాత కూడా ఉంటాయి కదా!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తానికి 21.5. మన ఆడవాళ్ల ఒళ్లు మిగతా దేశం వాళ్ల కంటే మూడింతలు తేడాగా ఉండదు కాబట్టి దీనికి కారణం వైద్యం బయట వెతకాలి, ముహూర్తం అందులో ఒకటి మాత్రమే. నొప్పులంటే భయం, మొదటి కాన్పు ఆపరేషన్ అయితే రెండోదీ అదే అనే అలవాటు, రాత్రంతా పక్కన కూర్చునే మనిషి లేకపోవడం, ఇవన్నీ ఉన్నాయి. ఆ కూర్చునే మనిషి కోసమే 2017లో కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు, హైదరాబాద్‌లో ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సాయంతో. మంత్రసాని పోయి చాలా ఏళ్లయింది, ఆమె చోటు మాత్రం ఖాళీగానే ఉండిపోయింది.

అలాగని ఇంట్లోనే కనమని నేను అనను. మాయ అడ్డం పడినా, బిడ్డ గుండె నెమ్మదించినా, కాన్పయ్యాక రక్తం ఆగకపోయినా ఆపరేషన్ థియేటర్ దగ్గర్లో ఉండాల్సిందే. మా నాయనమ్మ ఎనిమిది మందిని ఇంట్లోనే కంది, ఐదుగురే బతికారు. ఆ మాట ఆమె ఎప్పుడూ మామూలుగానే చెప్పేది.

ఎలా కన్నా, మొదటి గంట మాత్రం మన చేతిలోదే. ఒక నిమిషం పైగా ఆగి బొడ్డుతాడు కోస్తే మాయలో ఉన్న రక్తం ఇంకా బిడ్డకి చేరుతుంది, తర్వాతి నెలల్లో ఐరన్ నిల్వకి అదే ఆధారం. పసిపిల్లలకి మనలా వణికి వేడి పుట్టించుకోవడం రాదు, మెడ, భుజాల దగ్గర ఉండే ప్రత్యేకమైన కొవ్వు కరగాలి, అందుకని తుడిచి తల్లి గుండెల మీద బట్టల్లేకుండా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పితే చాలు. స్నానం 24 గంటల తర్వాతే. తెలంగాణలో గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు 37 శాతమే అని అదే సర్వే చెప్పింది. సిజేరియన్ అయినా పాలివ్వొచ్చు, తల్లికి మామూలుగా ఛాతీ కింది భాగానికే మత్తు ఇస్తారు కదా, ఎవరైనా బిడ్డని పట్టుకుంటే సరిపోతుంది. ఆ పని చేసే తీరికే వార్డులో ఎవరికీ ఉండదు, బిడ్డ నర్సరీలో డబ్బాపాలు తాగుతుంటుంది. పూర్వం ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించేవాళ్లు. రోగాల్ని అడ్డుకునే పదార్థాలు దండిగా ఉన్న పాలు పారబోసి, ఏడాది లోపు పిల్లలకి ప్రమాదమైన తేనె పెట్టడం!

ఇంటికొచ్చాక జరిగేది తేలిగ్గా తీసుకుంటాం. మన ఆదిలాబాద్ వైపు సరిహద్దు దాటితే వచ్చే గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ 39 ఊళ్లలో మామూలు పల్లె ఆడవాళ్లకే పసిపిల్లల్ని చూడటం నేర్పారు: తూకం వేయడం, వేడిగా ఉంచడం, ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్‌ని (సెప్సిస్) ముందే గుర్తించి సూది వేయడం. మూడో ఏడాదికి పసికందుల చావులు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఇప్పుడు ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావడం వెనక ఉన్నది అదే అనుభవం.

ఆమె వస్తే కాఫీ ఇచ్చి పంపేయకుండా బిడ్డ ఊపిరి లెక్కపెట్టించుకోండి, బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు, పూర్తి నిమిషం. 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మళ్లీ ఒకసారి లెక్కపెట్టాలి. అప్పుడూ అంతే ఉంటే, లేదా పాలు తాగడం మానేసినా, డొక్కలు ఎగరేస్తున్నా, అరికాళ్లు చల్లబడినా, కామెర్ల పసుపు అరచేతుల దాకా వచ్చినా అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి. పదకొండో రోజు పురిటిస్నానం దాకా గడప దాటకూడదన్న పట్టింపు, గదిలో సాంబ్రాణి పొగ, రెండూ ఆపేయండి.