కల్లం గాలి, బడి గాలిమర

చిరంజీవులైన పిల్లలకు,

పోయిన శనివారం మీ బడిలో ప్రాజెక్టులు చూడడానికి వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు తోచక, "ఉత్తరం రాస్తానమ్మా" అని తప్పించుకుని వచ్చాను. ఆమె జట్టు అట్టముక్కలతో మూడు రెక్కలు కత్తిరించి, పాడైపోయిన ప్రింటరులోంచి ఊడదీసిన మోటారుకు తగిలించి, దానికి ఒక చిన్న ఎర్ర ఎల్‌ఈడీ బల్బు కలిపి గాలిమర తయారు చేసింది. తరగతి గదిలో టేబుల్ ఫ్యాను ముందు పెడితే ఆ బల్బు చక్కగా వెలిగింది. దాన్నే మిద్దె మీదికి తీసుకుపోయి పిట్టగోడ మీద నిలబెడితే, ఆషాఢ మాసపు గాలికి రెక్కలు ఫ్యాను ముందు కంటే జోరుగా తిరిగాయి గానీ బల్బు మాత్రం మినుకుమని కూడా అనలేదు. "ఫ్యాను గాలికి వెలిగే దీపం దేవుడి గాలికి ఎందుకు వెలగదు తాతా?" అన్నది ఆమె ప్రశ్న.

నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. కరెంటు చదువు చదివినవాణ్ణి కాను. అయినా రాత్రి పడుకున్నాక మీ గాలిమరకు బదులు మా కల్లం కళ్లముందుకు వచ్చింది. మా నాయన ముక్కాలిపీట ఎక్కి, చేటను తలకంటే పైకెత్తి, జొన్నలు తూర్పారబట్టే దృశ్యం కనబడగానే మీ ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉందనిపించింది. మీలో చాలామంది కల్లమే చూసి ఉండరు కాబట్టి ముందు అది చెబుతాను.

కోసి తెచ్చిన కంకులను చదును చేసి అలికిన నేల మీద పరిచి, ఎద్దులతో తొక్కించి, పైన రాతిగుండు లాగిస్తే గింజా పొట్టూ కలిసిన రాశి మిగులుతుంది. వాటిని విడదీసే పని మనిషిది కాదు, గాలిది. చేటలోంచి సన్నటి ధారగా వదిలితే బరువున్న గింజ పీట కాళ్ల దగ్గరే పడుతుంది, పొట్టూ తాలూ గాలికి కొట్టుకుపోయి కొంచెం దూరాన కుప్పగా పడతాయి. గాలి మరీ మెత్తగా ఉంటే రెండూ ఒకే చోట పడి శ్రమంతా వృథా అవుతుంది; మరీ విసురుగా వస్తే పొట్టుతో పాటు గింజ కూడా ఎగిరిపోతుంది. అందుకే మా నాయన పీట ఎక్కే ముందు గుప్పెడు పొట్టు తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడిచేవాడు. అది ఎంత దూరం పోయి పడిందన్నది ఒక లెక్క, ఏ వైపుకు పోయి పడిందన్నది ఇంకొక లెక్క.

రామగిరి కొండల మీద మీరు రోజూ చూసే పెద్ద గాలిమరలకు కూడా ఈ మొదటి లెక్క వర్తిస్తుంది. గాలి సెకనుకు సుమారు 3 మీటర్ల వేగం అందుకునేదాకా అలాంటి మరలు కరెంటు ఇవ్వడం మొదలుపెట్టవు. సెకనుకు 25 మీటర్లు, అంటే గంటకు 90 కిలోమీటర్లు దాటే గాలి వచ్చిందంటే తమకు తాముగా రెక్కల అంచును గాలి వైపు తిప్పుకుని ఆగిపోతాయి. గింజ ఎగిరిపోయే గాలిలో మా నాయన చేట దించి పీట దిగినట్టే అనుకోండి. ఈ రెండు హద్దుల మధ్య ఒక విచిత్రముంది. గాలి వేగం రెట్టింపైతే దాని నుంచి సెకనుకు అందే శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. ఎనిమిదే ఎందుకన్నది మీ సైన్సు మాస్టారిని అడగండి. ఆయన నల్లబల్ల మీద నాకంటే బాగా చెబుతారు. నేను చెప్పగలిగిందల్లా, కొద్దిపాటి గాలికీ ఇంకొంచెం ఎక్కువ గాలికీ కల్లంలో ఎంత తేడా ఉండేదో చూసినవాడికి ఆ ఎనిమిది పెద్దగా ఆశ్చర్యం కలిగించదని మాత్రమే.

అయితే మీ మరకు గాలి తక్కువైందని చెప్పడానికి వీల్లేదు, రెక్కలు జోరుగానే తిరిగాయి కదా. కాబట్టి లోపం రెండో లెక్కలో, అంటే దిక్కులో ఉండి ఉండాలి. మీరు మరను పిట్టగోడ మీద ఎలా పెట్టారో గుర్తు తెచ్చుకోండి. వచ్చేవాళ్లకు అందంగా కనబడాలని తూర్పున ఉన్న గేటు వైపు దాని మొహం తిప్పి పెట్టారు. ఆషాఢంలో మనకు గాలి వచ్చేది నైరుతి నుంచీ పడమర నుంచీ. అంటే ఫ్యాను గాలి మర మొహానికి తగిలింది, మిద్దె గాలి దాని వీపుకు తగిలింది. వీపు మీద తగిలినా రెక్కలు తిరుగుతాయి, కానీ అటువైపు కాక ఇటువైపు తిరుగుతాయి. మోటారు ఎదురు దిశలో తిరిగితే దానిలో పుట్టే కరెంటు కూడా ఎదురు దిశలోనే పారుతుంది. మామూలు బల్బుకు దానితో పట్టింపు ఉండదు గానీ ఎల్‌ఈడీ ఒకవైపు నుంచి వచ్చే కరెంటునే లోపలికి రానిస్తుంది, రెండో వైపు నుంచి వస్తే తలుపు తీయదు. మీ బల్బు కాళ్లలో ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా ఉండడం మీరు గమనించే ఉంటారు. ఆ తేడా పెట్టింది ఇందుకోసమే.

నా మాట నమ్మకండి, పరీక్షించండి. బల్బు తీగలను అటుదిటు, ఇటుదటు మార్చి కలిపి మిద్దె మీద పెట్టి చూడండి. అప్పటికీ వెలగకపోతే ల్యాబులో మల్టీమీటరు ఉంటుంది, దాన్ని తగిలించండి. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి దాదాపు 2 వోల్టులు కావాలి. మీటరు ఒక వోల్టే చూపించిందనుకోండి, కరెంటు పుట్టలేదని కాదు, పుట్టింది చాలలేదని అర్థం. మొదట బొమ్మకారు మోటారుతో చేసి మీరు విసిగిపోయింది కూడా అందుకే. ఆ మోటారు బాగా వేగంగా తిరిగితే గానీ పలకదు. ప్రింటరు మోటారు నెమ్మదిగా తిరిగినా కొంత ఇస్తుంది.

ఇక్కడ మా నాయన సంగతి మళ్లీ చెప్పక తప్పదు. నాకు పదేళ్లున్నప్పుడు, శివరాత్రి దాటిన రోజుల్లో, రాశి పోసి ఉంచి గాలి కోసం కాచుకుని కూర్చున్నాం. మధ్యాహ్నమంతా ఆకు కదల్లేదు. నాయన కాసేపు నడుం వాల్చుతూ, "ఆ వేపచెట్టు కొమ్మ వైపు చూస్తూ ఉండు, చివరి ఆకులు ఊగడం మొదలవగానే నన్ను లేపు" అని నాకు కాపలా అప్పజెప్పాడు. నేను చెట్టును చూస్తూ చూస్తూ పొట్టుకుప్ప మీదే నిద్రపోయాను. సాయంత్రం వచ్చిన చక్కని గాలి మా ఇద్దరి మీదుగా పోయింది. ఆ రాత్రి వేళగాని వేళ వాన పడి రాశి తడిసింది, సగం జొన్నలు నల్లబడ్డాయి. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. మా అవ్వ మాత్రం ఆ ఏడాదంతా నల్లజొన్న రొట్టె పళ్లెంలో వేసినప్పుడల్లా, "తిను నాయనా, నువ్వు నిద్రపోయిన రొట్టె" అనేది. గాలిని నమ్ముకున్నవాడు ముందు దాన్ని కనిపెట్టి ఉండాలన్నది నాకు పాఠ్యపుస్తకంలో దొరకలేదు, ఆ రొట్టెలో దొరికింది.

మీ బడిలో ఒక జట్టు గాలిమర చేస్తోంది, ఇంకొక జట్టు వాతావరణం కొలుస్తోంది, మూడో జట్టు సోలార్ కుక్కర్ చేస్తోంది. ముగ్గురూ మూడు బల్లల మీద, ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నారు. నాకు నచ్చనిది అదొక్కటే. వాతావరణం జట్టువాళ్లు రేకుతో చేసిన గాలిసూచి మొహం తిప్పుకుని నైరుతిని చూపిస్తూ పది అడుగుల దూరంలోనే ఉంది. గాలిమర జట్టులో ఒక్కరైనా తలెత్తి దాని వైపు చూసి ఉంటే నన్ను ప్రశ్న అడిగే పనే ఉండేది కాదు. మీ మరకు వెనక ఒక అట్టతోక అతికించి, అది గుండ్రంగా తిరిగే ఇరుసు మీద నిలబెట్టారంటే, గాలిసూచి చేసే పని మరే చేసుకుంటుంది; గాలి ఎటునుంచి వస్తే అటు మొహం పెడుతుంది. మా నాయన గాలి మళ్లినప్పుడల్లా పీట జరుపుకున్నట్టే. పోలికను మరీ సాగదీస్తున్నానని తెలుస్తూనే ఉంది, అయినా వదలబుద్ధి కావడం లేదు.

కాగితపు కప్పులు నాలుగు పుల్లలకు గుచ్చి చేసిన వేగమాపకం కూడా బాగుంది. ఐర్లండులో రాబిన్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1846లో రూపొందించిన సాధనానికి అది మనవరాలు. అయితే కప్పులు నిమిషానికి ఇన్నిసార్లు తిరిగాయని రాసుకుంటే చాలదు, అన్నిసార్లు తిరిగితే గాలి వేగం ఎంతో తెలియాలి. దానికొక ఉపాయముంది. గాలి కదలని తెల్లవారుజామున మీ ఆటస్థలంలో వంద మీటర్లు కొలిచి గీతలు గీయండి. ఒకరు సైకిలు తొక్కుతుంటే ఇంకొకరు వెనక కూర్చుని ఆ సాధనాన్ని పక్కకు చాపి పట్టుకోవాలి. ఆ దూరాన్ని 36 సెకన్లలో దాటితే మీ వేగం గంటకు 10 కిలోమీటర్లు. నిశ్చలమైన గాలిలో మీరు పోవడమూ, నిలబడ్డ మీ మీదికి గాలి రావడమూ కప్పులకు ఒక్కటే. ఒక కప్పుకు ఎర్రరంగు పూశారు కాబట్టి చుట్లు లెక్కపెట్టడం కష్టం కాదు.

వర్షమాపకాన్ని మాత్రం చోటు మార్చండి. సీసా పైభాగం కోసి గరాటులా బోర్లించడం, గతుకుల అడుగు కనబడకుండా గులకరాళ్లూ నీళ్లూ పోసి అక్కడ సున్నా గీత పెట్టడం తెలివైన పనే, కానీ దాన్ని వేపచెట్టు కింద పెట్టారు. అది ఆకాశం నుంచి పడ్డ వానను కాదు, చెట్టు దయతలచి వదిలిన వానను కొలుస్తుంది. ఆరుబయట పెట్టి, వాతావరణ శాఖవారు కొలిచినట్టే పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రాయండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడిందంటే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. మీ బడి మిద్దె రెండువందల చదరపు మీటర్లుంటే, పది మిల్లీమీటర్ల వానకు రెండు వేల లీటర్లు గొట్టం గుండా కిందికి పోయాయన్నమాట.

మన అనంతపురం సీమకు ఏడాది మొత్తానికీ వచ్చేది సుమారు 550 మిల్లీమీటర్లే. అరేబియా సముద్రం మీది నుంచి వచ్చే గాలి పడమటి కనుమల దగ్గర తన వానంతా దించేసి, కొండ దాటి ఒట్టి చేతులతో మన దగ్గరికి వస్తుంది. "ఉత్త గాలి, చుక్క రాల్చదు" అని మా తరం దాన్ని తిట్టుకుంటూ పెరిగింది. అష్టదిక్కుల్లో వాయుదేవుడికి వాయవ్యం ఇచ్చారు గానీ, మన ఊళ్లో ఆయన కాపురం పడమటి కొండల మీదనే అని మా అవ్వ వాదించేది. ఆ ఉత్త గాలే ఇప్పుడు రామగిరి కొండల మీద మరలు తిప్పుతోంది.

సోలార్ జట్టు పిల్లలు మబ్బు పట్టిందని దిగులుగా కూర్చున్నారు. వేరుశనగకాయలు వేగలేదని వాళ్ల బాధ. వాళ్లకు చెప్పేది ఒక్కటే. మేము ఎండలో కంకులు ఆరబెట్టి సాయంత్రపు గాలికి తూర్పారబట్టేవాళ్లం, రెండింటినీ ఒకే గంటలో రమ్మని అడగలేదు. వేసవిలో ఎండ పెట్టెలు బాగా పనిచేస్తాయి, ఆషాఢ శ్రావణాల్లో మబ్బు వాటిని ఆపినప్పుడు గాలిమరలు జోరు మీద ఉంటాయి. మిగిలిన గింజను గాదెలో పోసుకున్నట్టు, మిగిలిన కరెంటుతో కింది నీళ్లను పై జలాశయంలోకి ఎక్కించి, కావలసినప్పుడు మళ్లీ దించి కరెంటు తీసే ఏర్పాటు కూడా ఉంది. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల యంత్రాలు ఆరు అలా రెండు వైపులా తిరిగేవే. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

ఈ ఆదివారం మీ మాస్టారిని వెంటబెట్టుకుని రామగిరి కొండల వైపు పోయి రండి. దగ్గరికి పోనక్కరలేదు, రోడ్డు మీద నిలబడితే చాలు. ఆ మరల వీపు మీద, రెక్కల వెనకనున్న గది పైన, గాలి దిక్కునూ వేగాన్నీ చెప్పే చిన్న సాధనాలు ఉంటాయి; మీ రేకు గాలిసూచికీ కాగితపు కప్పులకూ అన్నదమ్ముల వరసవి. అవి చెప్పినట్టే అంత పెద్ద మర మెడ తిప్పుకుంటుంది. దిక్సూచి తీసుకుపోయి అవి ఏ దిక్కుకు మొహం పెట్టి ఉన్నాయో మీ పుస్తకంలో గీసుకోండి. సంక్రాంతి సెలవుల్లో మళ్లీ అదే చోటికి పోయి, అదే రాయి మీద నిలబడి ఇంకొకసారి గీయండి. ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి నాకు పంపించండి.

ఆశీస్సులతో,
మీ తాత

తా.క.: సైకిలు పరీక్ష చేసే రోజు నన్ను కూడా పిలవండి; చుట్లు నేను లెక్కపెడతాను, ఈసారి నిద్రపోను.