మెట్లు దిగే మిసిసిపీ

గోదావరి జిల్లాల వాళ్లకు లాకులు, అంటే పడవలను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే తలుపుల గదులు, కొత్తేమీ కాదు. డెల్టా కాలువల్లో పడవలు ఒకప్పుడు వాటి గుండానే ఎక్కుతూ దిగుతూ తిరిగేవి. అదే పని ఇప్పటికీ భారీ ఎత్తున సాగుతుంటే చూడాలంటే అమెరికాలో మిసిసిపీ ఒడ్డుకు వెళ్లాలి. నన్నడిగితే, ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్ ఐలాండ్ దగ్గర 1934లో పూర్తయిన 15వ నంబరు లాకు అందుకు చక్కటి చోటు.

మినియాపొలిస్ నుంచి సెయింట్ లూయిస్ చేరేలోపు నది సుమారు 420 అడుగులు కిందికి దిగుతుంది. ఆ వాలును మెట్లుగా మార్చడానికే నది మీద డ్యాముల వరస కట్టారు, పడవలు వాటిని దాటడానికి పక్కనే లాకులు పెట్టారు. ఈ డ్యాములు వరదలు ఆపుతాయని చాలామంది అనుకుంటారు కానీ, పెద్ద వరదొస్తే గేట్లు పైకెత్తి నదిని దాని దారిన వదిలేస్తారు. పడవలకు కనీసం 9 అడుగుల లోతు ఉండేలా చూడటమే వీటి పని.

లాకులో నీళ్లు తోడే పంపే ఉండదు! నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. 600 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పున్న గది అది. ఎగువ వాల్వులు తెరిస్తే గోడల్లోని సొరంగాల గుండా నీరు తనంతట తానే వచ్చి నిండుతుంది, దిగువవి తెరిస్తే వెళ్లిపోతుంది. మట్టం 16 అడుగులు మారిందంటే దాదాపు 3 కోట్ల లీటర్లు కదిలినట్టు. గదికి ఒక్కో చివర ఉండే రెండు తలుపు రెక్కలూ ఎగువ వైపుకు కోణంగా కలుస్తాయి కాబట్టి నీరు నెట్టేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి.

అసలు టెన్షన్ బార్జీలు, అంటే ఇంజిన్ లేని సరుకు పడవలు, లోపలికొచ్చేటప్పుడు. మూడు వరసల్లో ఐదేసి చొప్పున, ఉక్కు తాళ్లతో బిగించిన 15 బార్జీలను ఒకే టోబోటు వెనక నుంచి నెడుతుంది. వాటి వెడల్పు 105 అడుగులు. అంటే గోడకూ బార్జీకీ మధ్య అటూ ఇటూ రెండున్నర అడుగులే సందు! పైలట్ ఉండేది ముందు కొసకు దాదాపు వెయ్యి అడుగుల వెనక. ముందు నిలబడ్డ పనివాడు రేడియోలో దూరం చెబుతుంటాడు, పైలట్ దాన్ని బట్టి నడుపుతాడు.

అన్నీ ఒకేసారి పట్టవు. ముందు 9 బార్జీలను లోపల వదిలి, తాళ్లు విప్పి, మిగతా ఆరింటితో టోబోటు వెనక్కి వెళ్తుంది. దిగిన వాటిని కేబుల్‌తో బయటికి లాగి, గదిని మళ్లీ నింపి రెండో విడతను దింపుతారు. ఆపైన అన్నిటినీ తిరిగి కట్టాలి. గంటన్నర పైనే పడుతుంది. దిగువన ఆల్టన్ దగ్గరున్న 1,200 అడుగుల లాకులోనైతే ఒక్క విడతలో అయిపోతుంది. పైనున్న వాటిని కూడా అలా పొడిగించాలన్న రైతుల కోరిక న్యాయమైనదే అనిపిస్తుంది. ఈ 15 బార్జీల్లో 22,500 టన్నుల మొక్కజొన్నో సోయానో పడుతుంది. లారీకి 25 టన్నులనుకుంటే 900 లారీల సరుకు!

చలికాలంలో ఎగువన నది గడ్డకట్టి రాకపోకలు ఆగిపోతాయి. కోతల రోజుల్లో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్తే గింజలతో దిగే బార్జీలు బాగా కనిపిస్తాయి. లాకు ఉన్న దీవి సైన్యానిది, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి.